వార్తలు చదువుతున్నది శాంతిస్వరూప్

తెలంగాణ పటం ఒకటి తీసి ముందు పెట్టుకోండి. వరంగల్లునుంచి ఖమ్మం పోయే రోడ్డుమీద, వర్ధన్నపేట, రాయపర్తి దాటిన తరువాత తొర్రూరు కనిపిస్తుంది. ఇప్పుడది మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. 2016కు పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. చుట్టూ వరి, పత్తి, మిరప పండే ఊళ్ళు. తొర్రూరుకు పడమరగా హైదరాబాదు ఉన్నది. ఈ రెంటికీ మధ్య సూటిగా గీత గీసి కొలిస్తే సుమారు 130 కిలోమీటర్లు వస్తుంది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. హైదరాబాదులో ఒక మనిషి పెద్ద కేక వేశాడనుకోండి. అది తొర్రూరుదాకా వినబడేటంత కేకే అనుకుందాం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. ఆ ప్రకారం ఆ కేక తొర్రూరు చేరేసరికి 6 నిమిషాలు దాటిపోతుంది.

అదే మనిషి రేడియో స్టేషనులో మైకు ముందు కూర్చుని, కేక వేయకుండా మామూలుగా మాట్లాడితే ఏమవుతుంది? అతని మాట ముందు విద్యుత్తుగా మారుతుంది. తరువాత రేడియో తరంగంమీద ఎక్కి, సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. తొర్రూరు చేరడానికి దానికి ఒక సెకనులో రెండువేలవ వంతు కూడా పట్టదు. చిత్రమేమంటే, ఆ స్టూడియోలోనే 10 మీటర్ల దూరాన నిలబడి వినేవాడికంటే, తొర్రూరులో రేడియో పక్కన కూర్చున్నవారికే ఆ మాట ముందుగా వినబడుతుంది!

మాటను అంత దూరం, అంత వేగంగా మోసుకుపోవడం యంత్రం చేసే పని. కాని ఆ మాట నిజమైనది కావాలి, అందరికీ అర్థం కావాలి, విన్నవారు దానిని నమ్మగలగాలి. ఇది ఏ యంత్రమూ చేయలేదు, మనిషే చేయాలి. ఆ పనిని కొన్ని దశాబ్దాలపాటు చేసిన ఒక పెద్దమనిషిని గురించి మీకు చెబుతాను.

ముందు రేడియో సంగతి

ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలయింది. తెలుగువారు ఇళ్ళలో కూర్చుని తెలుగు పాటలూ, నాటికలూ వినడం ఆ కేంద్రంతోనే బాగా అలవాటయింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు డెక్కన్ రేడియో ఉండేది. దానిలో ఎక్కువగా ఉర్దూ వినిపించేది. తెలుగుకు కొద్దిపాటి సమయమే దొరికేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రం ఆలిండియా రేడియోలో చేరింది.

రేడియోలో పని చేసినవారిలో తొర్రూరు ప్రాంతానికి దగ్గరివారు కూడా ఒకరున్నారు. కవి దాశరథి కృష్ణమాచార్య పేరు మీరు వినే ఉంటారు. ఆయన పుట్టిన చిన్నగూడూరు కూడా ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిదే. ఆయన ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశారు.

ఇక పిల్లలకు రేడియో అంటే న్యాయపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు. ముందు మద్రాసునుంచి, తరువాత హైదరాబాదునుంచి వారిద్దరూ పిల్లల కార్యక్రమాలు నడిపారు. తెలుగు పిల్లలందరూ వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచేవారు. వారి ముఖాలు ఎన్నడూ చూడని పిల్లలు కూడా వారిని సొంత అన్నా అక్కా అనుకునేవారు. కంఠం ఒక్కటే వినిపించినా మనిషి దగ్గరవాడయిపోతాడనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

రేడియో వచ్చినచోటికి టెలివిజన్ ఎందుకు రాలేదు?

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలయింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమయింది. అయితే ఆ రోజుల్లో హైదరాబాదులో కనబడే బొమ్మ తొర్రూరువంటి దూరపు ఊళ్ళకు సరిగా అందేది కాదు. రేడియో మాత్రం చక్కగా వినబడేది. రెండూ అదే నగరంనుంచి వస్తున్నప్పుడు ఈ తేడా ఎందుకు?

కారణం తరంగాల పొడవులో ఉన్నది. హైదరాబాదు రేడియో కేంద్రం మీడియం వేవుమీద 738 కిలోహెర్ట్జుల దగ్గర పలుకుతుంది. ఆ తరంగం పొడవు, అనగా ఒక శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య దూరం, 400 మీటర్లకు పైచిలుకు. ఇంత పొడవైన తరంగాలు భూమిని ఒరుసుకుంటూ, దాని వంపు ననుసరించి చాలా దూరం పోగలవు. రాత్రివేళ అయితే ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న విద్యుత్ పొరకు తగిలి తిరిగి నేలకు దిగుతాయి. అందుచేతనే రాత్రిళ్ళు దూరదేశపు స్టేషన్లు కూడా రేడియోలో వినిపిస్తాయి.

టెలివిజన్ తరంగాలు చాలా పొట్టివి. అవి దీపపు వెలుగులాగా సూటిగా పోతాయి. భూమి గుండ్రంగా ఉన్నది కదా! కొంత దూరం పోయేసరికి నేల కిందికి వంగుతుంది, తరంగం పైనుంచి వెళ్ళిపోతుంది. 150 మీటర్ల ఎత్తైన స్తంభంమీదికి ఎక్కి చూస్తే, చదునైన నేలమీద మన చూపు ఆనేది సుమారు 44 కిలోమీటర్ల దూరంవరకే. ఆ దూరం దాటిన తరువాత స్తంభం కనబడదు; దాదాపు అక్కడితోనే బొమ్మ కూడా చెదిరిపోతుంది. తొర్రూరు 130 కిలోమీటర్ల దూరాన ఉన్నదని పటంలో చూశాం.

ఈ చిక్కుకు విరుగుడు ఆకాశంలో దొరికింది. స్తంభం ఎంత ఎత్తుంటే అంత దూరం కనబడుతుంది గనుక, 36,000 కిలోమీటర్ల ఎత్తున స్తంభం ఉంటే? అంత స్తంభం ఎవరూ కట్టలేరు, కాని ఉపగ్రహాన్ని అక్కడ నిలపవచ్చు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఒకదాని సాయంతో మన దేశంలో 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపించి ప్రయోగం చేశారు. మెదకు, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. 1983 ఆగస్టు 30న మన ఇన్సాట్-1బి ఉపగ్రహం ఆకాశానికి వెళ్ళింది. ఆ తరువాత దేశమంతటా ప్రసార యంత్రాలు వేగంగా పెరిగి, దూరదర్శన్ పల్లెలకు చేరసాగింది.

అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషి

శాంతిస్వరూప్‌గారు 1978లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రంలో ఉద్యోగానికి చేరారు. అయితే అప్పటికి ఆ కేంద్రంనుంచి తెలుగులో వార్తలు లేవు. వార్తలు చదవవలసిన మనిషి ఉన్నాడు, చదవడానికి వార్తలే లేవు! ఆ అవకాశంకోసం ఆయన 5 సంవత్సరాలు ఎదురుచూడవలసి వచ్చింది.

చివరకు ఆ రోజు వచ్చింది. అది 1983 నవంబరు 14. ఆ తేదీ మీకు తెలియనిది కాదు. నెహ్రూగారి పుట్టినరోజు, బాలల దినోత్సవం. ఆనాటి సాయంత్రం 7 గంటలకు శాంతిస్వరూప్ తెరమీద కనిపించి తెలుగులో వార్తలు చదివారు. దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తల చదువరి ఆయనే.

రేడియోలో వార్తలు చదివేవారికి ఒక సదుపాయం ఉన్నది. వారు కాగితం చూసి చదువుకోవచ్చు. కాగితం గరగరలాడకుండా, దగ్గు రాకుండా చూసుకుంటే చాలు. తల వంచుకున్నా ఎవరికీ తెలియదు. టెలివిజన్‌లో అలా కుదరదు. చదివే మనిషి తల వంచుకుని కాగితం చూస్తూ ఉంటే, చూసేవారికి ఆయన పాపిడి తప్ప ముఖం కనబడదు. ఎదుట కూర్చుని మాట్లాడే మనిషి మన కళ్ళలోకి చూడకపోతే ఆ మాటమీద మనకు నమ్మకం కుదురుతుందా?

ఈ ఇబ్బంది లేకుండా చేయడానికి టెలిప్రాంప్టరు అనే పరికరం ఉన్నది. కెమెరా కన్నుకు ముందు ఒక అద్దపు పలకను ఏటవాలుగా నిలబెడతారు. దాని కింద ఒక చిన్న తెరమీద అక్షరాలు తిరగవేసినట్టు కనిపిస్తుంటాయి. అవి అద్దంలో ప్రతిఫలించి, చదివేవారికి సరైన అక్షరాలుగా కనబడతాయి. వెనుకనున్న కెమెరాకు మాత్రం ఆ అక్షరాలు కనబడవు, అద్దం గుండా మనిషి ముఖమే కనబడుతుంది. అందుచేత చదివేవారు చదువుతున్నా, మనవంక చూసి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

కాని ఆ రోజుల్లో హైదరాబాదు స్టూడియోలో శాంతిస్వరూప్ ముందు అటువంటి పరికరం లేదు. మరి ఆయన ఏం చేశారు? వార్తలను కంఠస్థం చేశారు! ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, దాదాపు 10 సంవత్సరాలపాటు ఆయన వార్తలను జ్ఞాపకం పెట్టుకుని, ప్రేక్షకులవంక సూటిగా చూస్తూ చెప్పారు.

ఇది ఎంత కష్టమో మీరే తెలుసుకోవచ్చు. ఈ వ్యాసాన్ని ఒక నిమిషంపాటు గట్టిగా చదవండి. ఎన్ని మాటలు చదివారో లెక్కపెట్టి, దానిని 10 చేత గుణించండి. 10 నిమిషాల వార్తలకు సుమారుగా అన్ని మాటలు కావాలి. పద్యమయితే ప్రాసా నడకా ఉంటాయి గనుక ఒక పాదం రెండవ పాదాన్ని అందిస్తుంది. వార్తకు అవేవీ లేవు. ఒక వార్త ఢిల్లీలోది, రెండవది గోదావరి వరదది, మూడవది క్రికెట్టుది. పైగా పద్యం ఒకసారి వస్తే జీవితమంతా పనికివస్తుంది. వార్త ఈ రాత్రికే. రేపటికి మళ్ళీ కొత్తది నేర్వాలి, నిన్నటిది అడ్డం రాకుండా చూసుకోవాలి. అన్నిటికంటే కష్టమైనవి అంకెలు, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు. వాటిలో ఊహకు తావు లేదు.

ఒక్క అంకె తప్పితే

ఒక్క అంకె తప్పితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. తుపాను రేపు తీరం దాటుతుందని చదవవలసినచోట ఎల్లుండి అని చదివితే, సముద్రంమీదికి పడవ వేసుకుని వెళ్ళినవాని ప్రాణానికే ముప్పు. పరీక్షల తేదీ ఒకటి తప్పు చెబితే వేలమంది పిల్లలు అల్లాడిపోతారు. పత్తి ధర తప్పు చెబితే రైతు నష్టపోతాడు. ఊళ్ళో రచ్చబండ దగ్గర ఎవరైనా ఒక మాట పొరపాటుగా అంటే అక్కడే సరిదిద్దవచ్చు. రాష్ట్రమంతా ఒక్కసారిగా విన్న మాటను వెనక్కు తీసుకోవడం సులభం కాదు.

అందుకనే వార్త చదివేవారి వెనుక చాలామంది పనిచేస్తారు. విలేఖరులు సంగతి తెలుసుకుని పంపుతారు. వార్తా సంస్థలనుంచి వచ్చేవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. సంపాదకులు వాటిని సరిచూసి, ఏది ముందో ఏది వెనకో నిర్ణయించి, తెలుగులో రాస్తారు. అదంతా చదివేవారి చేతికి వచ్చేసరికి ఒక్కొక్కప్పుడు గడియారం వేళ దగ్గరికి వచ్చేస్తుంది. వార్తలు సాగుతూండగానే కొత్త కాగితం ఒకటి వచ్చి పడవచ్చు. అప్పుడు కంగారు ముఖంలో కనబడకూడదు, గొంతులో వినబడకూడదు.

భాష సంగతి మరొకటి. ఒకే వార్తను తొర్రూరులో నాయనమ్మ వినాలి, కర్నూలులో తాతయ్య వినాలి, శ్రీకాకుళంలో పెద్దమ్మ వినాలి. ఒక్కొక్కరి పలుకు ఒక్కొక్క తీరు. చదువు లేనివారు, మీవంటి చిన్నవారు కూడా వింటారు. వీరందరికీ తెలిసేటట్టు చెప్పాలంటే మాట తేటగా ఉండాలి, వాక్యం చిన్నదిగా ఉండాలి. ఒత్తులూ దీర్ఘాలూ చెడకూడదు. "పాలు" అనవలసిన చోట "పలు" అంటే అర్థమే మారిపోతుంది కదా! పత్రికలో వాక్యం అర్థం కాకపోతే రెండవసారి చదువుకోవచ్చు. వార్తలు ఒక్కసారే వినబడతాయి.

ఇంకొక కష్టమున్నది, అది మనసుకు సంబంధించినది. ఆ సంవత్సరాలలో దేశంలో ఎన్నో విషాదాలు జరిగాయి. 1984లో ఇందిరాగాంధీ హత్య జరిగింది. అదే సంవత్సరం డిసెంబరులో భోపాల్ నగరంలో ఒక కర్మాగారంనుంచి రాత్రివేళ విషవాయువు వెలువడి వేలమంది మరణించారు. ఇటువంటి వార్తలు చదివే మనిషికి దుఃఖం ఉండదా? ఉంటుంది. కాని ఆయన ఏడుస్తూ చదివితే వినేవారు హడలిపోతారు. ఏమీ పట్టనట్టు చదివితే మనిషేనా అనుకుంటారు. ఈ రెంటికీ మధ్య ఒక సన్నని దారి ఉన్నది. ప్రతి రాత్రీ ఆ దారిలోనే నడవాలి.

శాంతిస్వరూప్‌కు ఆ వార్తలు తెర ఆరిపోగానే మరచిపోయేవి కావని ఆయన రచనలను బట్టి తెలుస్తుంది. ఆయన నవలలు కూడా రాశారు. భోపాల్ దుర్ఘటనను గురించి "రాతిమేఘం" రాశారు. క్రికెట్టు పిచ్చిని గురించి ఒక నవల, సతీసహగమనాన్ని ఖండిస్తూ మరొక నవల కూడా రాశారు. వార్తలో తన అభిప్రాయం కలపరాదు గనుక అక్కడ కలపలేదు. చెప్పదలచినది సొంతంగా తన పుస్తకాలలో చెప్పుకున్నారు. ఈ రెండు పనులనూ వేరుగా ఉంచడం చాలా గొప్ప సంగతి.

ఆయన భార్య రోజారాణిగారు కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు.

గలగలల మధ్య నెమ్మది గొంతు

కాలం మారింది. టెలిప్రాంప్టర్లు వచ్చాయి. 1990 తరువాత ప్రైవేటు చానళ్ళు వచ్చాయి. అటుపైన రోజంతా, రాత్రంతా వార్తలే చెప్పే చానళ్ళు వచ్చాయి. వార్తల వెనుక సంగీతం మోగసాగింది, మాటల వేగం హెచ్చింది, గొంతులు పైకి లేచాయి. శాంతిస్వరూప్ మాత్రం నెమ్మదిగా, స్పష్టంగా, ఆర్భాటం లేకుండా చదివే తన పద్ధతిని మార్చుకోలేదు. 2011లో ఉద్యోగ విరమణ చేసేదాకా ఆయన దూరదర్శన్‌లోనే ఉన్నారు. తరువాత వచ్చిన తెలుగు వార్తల చదువరులు ఎందరో ఆయనను గురువుగా భావించారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. ఆ వార్తను తెలుగు చానళ్ళన్నీ చెప్పాయి. 1983 నవంబరులో ఆయన వేసిన బాటమీదనే అవన్నీ నడిచాయి మరి.

ఇప్పుడు వార్త తొర్రూరు చేరడానికి రేడియో స్తంభమే అక్కరలేదు. ఉపగ్రహంనుంచి డిష్షుకు వస్తుంది. 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి అంత దూరమూ కిందికి దిగడానికి దానికి పావు సెకను పడుతుంది. సెల్‌ఫోనులోకి వస్తుంది. వార్త చదివేవారు కూడా స్టూడియోలోనే ఉండనక్కరలేదు. మీ పక్కింటి అబ్బాయి తన ఫోనుతో ఊరంతటికీ ఒక మాట పంపగలడు. వేగం అందరి చేతికీ వచ్చింది. కాని ఆ మాటను ఎవరు సరిచూశారు? అంకె సరైనదేనా? ఆ ఊరి పేరు అదేనా? ఈ ప్రశ్నలు మాత్రం పాతవే. ఇదివరలో స్టూడియోలో నలుగురు కూర్చుని వేసుకున్న ప్రశ్నలను, ఇప్పుడు ఫోను పట్టుకున్న ప్రతివాడూ తనకు తానే వేసుకోవాలి.

మీ బడిలో పొద్దున ప్రార్థన తరువాత ఎవరో ఒకరు ఆనాటి వార్తలు చదువుతారు కదా! ఆ వంతు మీకు వచ్చినప్పుడు ఇలా చేసి చూడండి. పత్రికలోనుంచి మూడు వార్తలు ఎన్నుకోండి. వాటిని మీ సొంత తేలిక మాటల్లో చిన్న వాక్యాలుగా రాసుకోండి. అంకెలనూ, పేర్లనూ మరొకసారి పత్రికతో పోల్చి చూడండి. పలకడం కష్టమైన పేరుంటే మాస్టారుగారినో, టీచరమ్మనో ముందే అడగండి. రెండుసార్లు పైకి చదివి, మూడవసారి కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. మైకునుంచి జానెడు దూరంలో నిలబడండి; మరీ దగ్గరైతే "ప", "బ", "ఫ" అక్షరాలకు మైకులో గాలి ఠప్పుమని కొడుతుంది. వెనుక వరుసలో అందరికంటే చిన్నపిల్ల ఎవరో చూసుకోండి. ఆ పిల్లకు అర్థమయ్యేటట్టు, ఆ పిల్లవంక చూస్తూ చెప్పండి.

మధ్యలో మరచిపోతే కంగారు పడవద్దు. కాగితం తీసి చూసుకుని చదవండి. మరచిపోవడం తప్పు కాదు. గుర్తులేనిచోట ఏదో ఒకటి కల్పించి చెప్పడమే తప్పు.